ఇంజిన్ విప్పుతామన్నారు

పెద్ద గ్యారేజీ వారు రాసిచ్చిన ఎస్టిమేట్ 52,400 రూపాయలు. మర్నాడు సైదాబాద్‌లోని ఒక సందులో అదే కారు బాగుపడటానికి అయిన ఖర్చు 1,930. హైదరాబాద్ చూడటానికి వెళ్లిన ప్రయాణమే అయినా, చూసిన చోట్ల కన్నా ఈ రెండు అంకెల మధ్య జరిగిన దాని గురించే చెప్పవలసింది ఎక్కువ ఉంది.

ఏప్రిల్ చివరి వారం, గురువారం మధ్యాహ్నం గుంటూరులో బయలుదేరాం. నేను, మావారు, అత్తయ్య, ఆరో తరగతి చదివే మా బాబు. తొమ్మిదేళ్ల పెట్రోలు కారు, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. నడిపేది నేనే. పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా వెళ్లి నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. ఎల్.బి. నగర్ వరకూ ఏ ఇబ్బందీ లేదు.

దిల్‌సుఖ్‌నగర్ దగ్గర వాహనాలు నత్తనడకన కదులుతున్నాయి. "ఏసీ వేడిగాలి కొడుతోంది, అమ్మాయీ" అన్నారు అత్తయ్య. నాలుగు గజాలు కదిలితే కాస్త చల్లగా, ఆగితే మళ్లీ వేడిగా వచ్చింది. అప్పుడే ఉష్ణోగ్రత ముల్లు చూశాను. ఎప్పుడూ మధ్యలో ఉండేది ఎరుపు గీత అంచున ఉంది. వెంటనే ఏసీ కట్టేసి, హీటర్‌ను పూర్తిగా తిప్పి పెట్టాను. ఇంజిన్ వేడిలో కొంత హీటర్ ద్వారా కారు లోపలికి వచ్చేస్తుంది, పక్కకు తీసుకునేంత వ్యవధి దొరుకుతుంది. ఆ ఎండలో, మూసుకున్న కారులో హీటర్ వేసినందుకు అత్తయ్య నాతో గంటసేపు మాట్లాడలేదు. ఆమెను తప్పుపట్టను.

మూసారాంబాగ్ మెట్రో స్టేషన్ దాటాక పక్కకు ఆపగలిగాను. బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది, కింద రోడ్డు తడిసింది. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ ద్రవం పొంగి సీసాలోంచి బయటికి పోయింది. ఇద్దరు ముగ్గురు పోగై, మూత తీసి చన్నీళ్లు పోద్దామన్నారు. సాయం చేయాలనే వచ్చారు గానీ నేను అడ్డుపడ్డాను. లోపలి నీరు ఒత్తిడిలో వంద డిగ్రీలు దాటి ఉంటుంది, మూత తీస్తే ముఖాన చిమ్ముతుంది. కాలిపోతున్న ఇంజిన్ మీద చన్నీళ్లు పడితే దాని పై భాగం, హెడ్, పగిలే ప్రమాదం కూడా ఉంది. ఎదురుగా ఉన్న మందుల దుకాణం ఆయన అత్తయ్యకు కుర్చీ వేసి, అడగకుండానే ఫ్యాను ఆమె వైపు తిప్పారు. ట్రాఫిక్ కానిస్టేబుల్ కారును ఇంకో పది అడుగులు లోపలికి నెట్టించారు. ఆ సాయంత్రం మాకు దొరికిన మంచి సేవలు ఈ రెండే.

బీమాతో పాటు కొన్న రోడ్డు సహాయం వారికి ఫోను చేస్తే 40 నిమిషాల్లో వస్తామన్నారు, గంటా ఇరవై నిమిషాలకు వచ్చారు. కారును తమతో ఒప్పందం ఉన్న గ్యారేజీకే తీసుకువెళ్తామన్నారు. అలసిపోయి ఒప్పుకున్నాను. మేము ఆటోలో నాంపల్లి లాడ్జికి చేరాం. గదికి రోజుకు 2,850, నలుగురికి ఒకటే గది. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, తెల్లవారి అయిదింటికే వేడినీళ్లు వచ్చాయి. మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను.

శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు కాబట్టి ముందే అనుకున్నట్టు గోల్కొండ వెళ్లాం, ఆటోకు 420. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుందని బాబు చేతులు ఎర్రబడేదాకా కొట్టాడు. నా మనసంతా ఫోను మీదే ఉంది.

పదకొండు గంటలకు గ్యారేజీ సర్వీస్ అడ్వైజర్ ఫోను చేశాడు. నా నంబరుకు కాదు, మావారికి. నిన్న రాత్రి కారు అప్పగించి సంతకం పెట్టింది నేను, నడిపేది నేను అని చెప్పింది నేను. అయినా "సార్, హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజిన్ విప్పాలి, అయిదు రోజులు పడుతుంది, 20,000 అడ్వాన్స్ కడితే ఇవాళే మొదలు పెడతాం" అని మావారికే చెప్పాడు. హెడ్‌కూ కింది ఇంజిన్ దిమ్మకూ మధ్య, దహనవాయువులు, కూలెంట్, ఆయిల్ ఒకదానిలో ఒకటి కలవకుండా ఉంచే పలుచటి సీలు ఆ గ్యాస్కెట్. మావారు ఒప్పుకోబోయారు. "పెద్ద గ్యారేజీ వాళ్లకు తెలియదా? ఇంజిన్‌తో పంతాలు వద్దు" అన్నారు. డబ్బు పోయినా ఫర్వాలేదు, దారిలో ఆగిపోకుండా ఇంటికి చేరితే చాలన్నది ఆయన భయం. నాకూ ఆ భయం ఉంది. కానీ కారు ఆగినప్పుడే ఏసీ వేడిగాలి కొట్టి, కదిలినప్పుడు చల్లబడిన సంగతి నన్ను వదలలేదు. హైవే మీద అయిదు గంటలు మామూలుగా ఉన్న ముల్లు, ట్రాఫిక్‌లో పావుగంటకే ఎందుకు లేచింది? వేగంగా వెళ్లేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. రేడియేటర్ ముందుండి, ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కూ గాలి ఇచ్చేది ఆ ఫ్యానే. ఇంజిన్, ఏసీ రెండూ కారు ఆగినప్పుడే ఇబ్బంది పెట్టాయంటే ముందు అనుమానించవలసింది ఫ్యాన్‌ను.

మధ్యాహ్నం మూడింటికి నేనొక్కదాన్నే గ్యారేజీకి వెళ్లాను. ఎస్టిమేట్ కాగితం చేతికిచ్చారు. గ్యాస్కెట్ సెట్టు, హెడ్ ఫేసింగ్, వాటర్ పంపు, థర్మోస్టాట్, ఇంజిన్ ఆయిల్, 18,000 రూపాయల కూలి. "కనుగొన్న లోపం" అన్న గడిలో హెడ్ గ్యాస్కెట్ అని ఉంది. దాని పక్కన "చేసిన పరీక్షలు" అన్న గడి ఖాళీగా ఉంది.

ఎలా తేల్చారని సర్వీస్ అడ్వైజర్‌ను అడిగాను. స్కానర్‌లో అధిక వేడి కోడ్ వచ్చిందనీ, కూలెంట్ తగ్గిందనీ, గ్యాస్కెట్ పోయిందనడానికి అవి చాలనీ అన్నాడు. వేడెక్కిందని స్కానర్ చెప్పనక్కరలేదు, నా కళ్లతో చూశాను. ఎందుకు వేడెక్కిందో స్కానర్ చెప్పలేదు. కూలెంట్ ఎక్కడికి పోయిందో మూసారాంబాగ్ రోడ్డు మీద చూశాను. ఆయిల్ చూసే పుల్ల, డిప్‌స్టిక్, తీయమన్నాను. ఆయిల్ మామూలు రంగులోనే ఉంది. ఆయిల్ పోసే మూత కింద పాలమీగడ లాంటి తెల్లటి జిగురు లేదు. కూలెంట్ ఆయిల్‌లో కలిస్తే ఆ జిగురు కనిపిస్తుంది. ముందురోజు సైలెన్సర్‌లోంచి తియ్యటి వాసనతో తెల్లపొగ రాలేదు. ఈ గుర్తులు లేనంత మాత్రాన గ్యాస్కెట్ బాగుందని రుజువు కాదు, ఆ సంగతి నాకు తెలుసు. అందుకే పరీక్ష చేయమన్నాను. రేడియేటర్ మూత దగ్గర నీలిరంగు ద్రవం పెట్టి ఇంజిన్ నడిపితే, దహనవాయువులు కూలెంట్‌లోకి వస్తుంటే ఆ ద్రవం పసుపుగా మారుతుంది. తమ దగ్గర ఆ కిట్ లేదన్నాడు. పోనీ చల్లటి ఇంజిన్‌ను మూత తీసి నడిపి బుడగలు వస్తాయేమో చూపించమన్నాను. స్టార్ట్ చేస్తే ఇంజిన్ బిగుసుకుపోయి సీజ్ అవుతుందన్నాడు. ఇగ్నిషన్, ఏసీ వేసి ఫ్యాన్ తిరుగుతుందో లేదో చూపించమన్నాను. "మేడమ్, ఇవన్నీ మీకెందుకు? సార్‌తో మాట్లాడించండి" అన్నాడు.

కారు తీసుకుపోతానన్నాను.

తనిఖీ రుసుము 1,500, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 1,770. పార్కింగుకు ఇంకో 500 అడిగారు. నేను సంతకం చేసిన కాగితంలో ఆ మాట ఎక్కడుందో చూపించమంటే వదిలేశారు. 1,770 మాత్రం కట్టి రసీదు తీసుకున్నాను. వేడెక్కిన కారుకు గ్యాస్కెట్ పోవడం నిజంగా జరిగేదే, వారు అనుమానించడంలో తప్పు లేదు. ఒక్క పరీక్షా చేయకుండా దాన్ని నిశ్చయంగా చెప్పి, 20,000 ముందు కట్టమనడమే నాకు ఈ రోజుకీ మింగుడుపడనిది.

సైదాబాద్ మెకానిక్ గురించి చెప్పింది లాడ్జి కౌంటర్‌లో రాత్రిపూట ఉండే అబ్బాయి. మళ్లీ టోయింగ్‌కు 2,200 అయింది. శుక్రవారం రాత్రి మావారు ముభావంగా ఉన్నారు. "ఆ సందు మెకానిక్ కూడా అదే చెబితే?" అని మాత్రం అడిగారు. అప్పుడు విప్పిద్దామన్నాను. అత్తయ్య మాత్రం, "అది బండి ఆగినప్పుడే వేడిగాలి కొట్టింది, నేను చెప్పలేదూ" అని నా పక్షం చేరారు.

శనివారం పొద్దున మావారు, అత్తయ్య, బాబు మెట్రోలో సాలార్‌జంగ్ మ్యూజియానికి బయలుదేరారు. నేను సైదాబాద్ వెళ్లాను. రెండు కార్లు పట్టే రేకుల షెడ్డు అది. అరవై దాటిన మనిషి, ఏం జరిగిందో చెప్పమని అడిగి, నేను చెప్పడం పూర్తయ్యేదాకా స్పానర్ ముట్టుకోలేదు. కారు ఆగినప్పుడు ఏసీ ఎలా ఉందన్నదే ఆయన అడిగిన మొదటి ప్రశ్న. కూలెంట్ నింపి, చల్లటి ఇంజిన్‌ను మూత తీసి కాసేపు నడిపారు. ఆగకుండా బుడగలు రాలేదు. ఏసీ వేశారు, ఫ్యాన్ కదల్లేదు. రెండు తీగలతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చారు, ఫ్యాన్ గిర్రున తిరిగింది. మోటారు బాగుంది. ఫ్యూజ్ తీసి వెలుతురులో చూశారు, అదీ బాగుంది. తరువాత ఫ్యాన్‌కు కరెంటు కలిపే చిన్న స్విచ్చు లాంటి రిలే పీకి, అదే రకం రిలే పక్క గడిలోంచి తీసి అక్కడ గుచ్చారు. ఏసీ వేయగానే ఫ్యాన్ తిరిగింది. పాత రిలే మూత విప్పి నా చేతిలో పెట్టారు. లోపలి కాంటాక్టు నల్లగా మాడిపోయి ఉంది.

ఆయన కుర్రవాణ్ణి జాంబాగ్‌లోని స్పేర్ పార్టుల దుకాణానికి పంపారు. రిలే 380, రేడియేటర్ మూత రబ్బరు గట్టిపడిందని కొత్త మూత 250, రెండు లీటర్ల కూలెంట్ 700, కూలి 600. అసలు మెచ్చుకోవలసింది ఆ తరువాత ఆయన చేసిన పని. ఏసీ వేసి, ఇంజిన్‌ను సందులోనే నలభై నిమిషాలు కదలకుండా నడిపించారు. నన్ను లోపల కూర్చోబెట్టి ముల్లు చూస్తూ ఉండమన్నారు. అది మధ్యలోంచి కదల్లేదు.

గ్యాస్కెట్‌కు ఏమీ కాలేదని రాసిస్తారా అని అడిగాను. "రాసివ్వలేనమ్మా. ఒకసారి అంత వేడెక్కాక ఎవరూ రాసివ్వలేరు. ఇప్పుడు మాత్రం లక్షణం ఒక్కటీ లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రోజూ కూలెంట్ మట్టం చూడండి, తగ్గుతుంటే అప్పుడు విప్పిద్దాం" అని, మార్కర్‌తో సీసా మీద గీత గీశారు. ఆ మాటతో నాకు ఆయన మీద నమ్మకం రెట్టింపు అయింది. ఎవరైనా ఫోనులోనే ఇంజిన్ విప్పాలంటే ఒప్పుకోకండి. ఏ పరీక్ష చేశారో, అందులో ఏమి కనిపించిందో మీ ముందు చూపించమనండి. పాత భాగాలు ఇవ్వమని మొదటే కాగితం మీద రాయించుకోండి.

సాయంత్రం కారులోనే వెళ్లి మావాళ్లను లాడ్జి నుంచి ఎక్కించుకున్నాను. మ్యూజియంలో చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారాన్ని పన్నెండింటికి చూశామని, పన్నెండు దెబ్బలూ తనే లెక్కపెట్టానని అత్తయ్య చాలా సంతోషంగా చెప్పారు. నేను చూడలేకపోయాను. మావారు ముందు సీట్లో కూర్చుని, ట్యాంక్‌బండ్ దాకా ఒక్క మాట మాట్లాడకుండా ముల్లునే చూశారు. అక్కడ దిగాక "నువ్వు ఒంటరిగా వెళ్లకుండా నేను కూడా రావలసింది" అన్నారు.

ఆదివారం తిరుగు ప్రయాణంలో ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కూడా ముల్లు లేవలేదు. ఇంటికి వచ్చి నలభై రోజులైంది. రోజూ పొద్దున చూస్తున్నాను, కూలెంట్ ఆ గీత దగ్గరే ఉంది. రోడ్డు సహాయం ఇచ్చిన బీమా సంస్థకు ఫిర్యాదు రాస్తే, గ్యారేజీ తీసుకున్న తనిఖీ రుసుము తమ పరిధిలో లేదని జవాబు వచ్చింది. ఆ గ్యారేజీని ఎంచింది మీరే కదా అని మళ్లీ రాశాను. ఈసారి 1,770 రసీదుతో పాటు, "చేసిన పరీక్షలు" గడి ఖాళీగా ఉన్న ఆ ఎస్టిమేట్‌ను, మాడిన రిలే ఫోటోను కూడా జతచేశాను.