బస్సు మీద, ట్రామ్ మీద మనోళ్ళ బొమ్మ: చేత్తో వేసిన రంగా, అతికించిన వినైలా, ఏది మేలు?

మా బాబాయి కొడుకు హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాడు. మొన్న ఫోన్ చేసి "అన్నా, సిటీ బస్సుల మీద లోకల్ ఆర్టిస్టుల బొమ్మలు వేయించమని మా బ్యాచ్ వాళ్ళం ఒక ప్రపోజల్ రాస్తున్నాం, పెయింట్ అని రాయాలా స్టిక్కర్ అని రాయాలా" అని అడిగాడు. నన్నే ఎందుకు అడిగాడంటే నేను మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో రెండేళ్ళు ఒక సైన్‌బోర్డుల షాపులో వ్యాన్లకి వినైల్, అంటే బొమ్మ ప్రింట్ కొట్టిన పల్చటి ప్లాస్టిక్ స్టిక్కర్ షీటు, అతికించే పని చేశా, పైగా ఈ ఊళ్ళో ఆర్ట్ ట్రామ్‌లు, అంటే రోడ్డు మీది పట్టాలపై నడిచే బండ్ల ఒంటి మీద ఆర్టిస్టుల బొమ్మలున్నవి, నా కళ్ళ ముందే తిరుగుతుంటాయి. ఐదు నిమిషాల ఫోన్లో తేలే ముచ్చట కాదని మొత్తం కూర్చుని రాస్తున్నా, ఇలాంటి ఆలోచన ఉన్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళకి కూడా పనికొస్తది.

మెల్‌బోర్న్ గురించే ముందు ఎందుకు చెప్తున్నానంటే ఈ ఊరు రెండు పద్ధతులూ చేసి చూసింది. 1978 నుంచి 1993 దాకా ట్రాన్స్‌పోర్టింగ్ ఆర్ట్ అని ఒక ప్రోగ్రామ్ నడిచింది, అందులో 36 ట్రామ్‌ల ఒంటి మీద నేరుగా పెయింట్‌తో బొమ్మలు వేశారు, క్లిఫ్టన్ పగ్, మిర్కా మోరా, హోవర్డ్ ఆర్క్‌లీ, మైకేల్ లూనిగ్ లాంటి పెద్ద పేర్లన్నీ అందులో ఉన్నాయి. తర్వాత ఇరవై ఏళ్ళు అలాంటి ప్రోగ్రామ్ లేదు. 2013లో మెల్‌బోర్న్ ఆర్ట్ ట్రామ్స్ అనే పేరుతో మళ్ళీ మొదలైంది, కానీ ఈసారి బ్రష్ లేదు, ఆర్టిస్ట్ డిజైన్ ఇస్తే దాన్ని వినైల్ మీద ప్రింట్ తీసి ట్రామ్‌కి చుట్టేస్తారు. ఊరు అదే, పట్టాలు అవే, పద్ధతి మాత్రం మారింది. పోల్చి చూడటానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలీదు.

చేత్తో వేసిన దాంట్లో ఉన్న గొప్పతనం నేను కాదనను. దగ్గరికెళ్తే బ్రష్ వెళ్ళిన దారి కనబడుద్ది, ఒకచోట రంగు చిక్కగా ఒకచోట పల్చగా ఉంటది, ఒక మనిషి ఇక్కడ నిలబడి ఇది వేశాడు అని తెలుస్తది. ప్రింట్‌లో అది రాదు, ఎంత మంచి మెషిన్ అయినా రాదు. ఇంకోటి, ఇది చాలామంది పట్టించుకోరు గానీ నాకు ముఖ్యం: చేత్తో వేయిస్తే డబ్బులు చేతులకి వెళ్తాయి. 2018లో దర్భంగా నుంచి ఢిల్లీ వెళ్ళే బీహార్ సంపర్క్ క్రాంతి రైలు బోగీలకి మిథిలా బొమ్మలు (మధుబని బొమ్మలు అని కూడా అంటారు, బీహార్ వాళ్ళ సంప్రదాయ కళ) వేశారు, వేసింది అక్కడి ఆర్టిస్టులే, ఎక్కువ మంది ఆడవాళ్ళు, బోగీ పక్కన నిలబడి చేత్తో వేశారు. అదే బొమ్మని ఒకరి దగ్గర తీసుకుని వినైల్ చేసి ఉంటే ఒక ఆర్టిస్ట్‌కి ఫీజు వచ్చేది, మిగతాదంతా ఫిల్మ్ అమ్మిన కంపెనీకి, ప్రింట్ కొట్టినోడికి, అతికించినోడికి పోయేది. ఇందులో నా లాంటి వాళ్ళ కూలి కూడా ఉంది, ఐనా చెప్తున్నా.

మరి ఇబ్బంది ఎక్కడంటే బండి తిరగాలి కదా. బొమ్మ వేసినన్ని రోజులు, ఆరినన్ని రోజులు, పైన వార్నిష్ పట్టినన్ని రోజులు ఆ బండి డిపోలోనే ఉండాలి. మెల్‌బోర్న్ పాత రకం ట్రామ్‌లు, డబ్ల్యూ (W) క్లాస్ అంటారు, దాదాపు 14 మీటర్లు, ఇప్పటి "E" క్లాస్ రకం ట్రామ్ 33 మీటర్లు, దాన్ని వారాల తరబడి ఆపితే ఆ రూట్లో జనం స్టాపుల్లో నిలబడాల్సిందే. హైదరాబాద్‌లో ఐతే చెప్పక్కర్లేదు, పొద్దున తొమ్మిదింటికి ఫుట్‌బోర్డు మీద వేలాడే వాళ్ళని చూసినోళ్ళెవరూ ఒక బస్సుని బొమ్మ కోసం నెల రోజులు ఆపమని అడగలేరు. రంగు వేశాక కూడా రోజూ ఎండా దుమ్మూ ఉంటాయి, డిపోలో కడిగేటప్పుడు బ్రష్‌లు రుద్దుతాయి, దర్భంగా నుంచి ఢిల్లీ అంటే వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఒక ఆటో గీసుకుని పోయిందనుకోండి, ఆ గీత అసలు బొమ్మ మీదే పడుద్ది, దాన్ని సరిచేయాలంటే మళ్ళీ ఆ ఆర్టిస్టే రావాలి, లేకపోతే డిపో పెయింటర్ తనకి తోచిన రంగు పూసేస్తాడు.

వినైల్ దగ్గరికొద్దాం. మన దగ్గర అన్నిటినీ ఫ్లెక్స్ అనేస్తాం గానీ రెండూ వేరు, ఫ్లెక్స్ కట్టేది, వినైల్ అతికేది. బండికి చుట్టడానికి వాడేది కాస్ట్ వినైల్ అంటారు, దాదాపు 50 మైక్రాన్ల మందం, అంటే వెంట్రుక కంటే పల్చన, దాని మీద ప్రింట్ కొట్టి పైన ల్యామినేషన్ వేస్తారు, ఎండకి రంగు పోకుండా ఆపేది ఆ ల్యామినేషనే. క్యాలెండర్డ్ అని చవక రకం ఇంకోటి ఉంది, చదునుగా ఉన్న చోట పర్లేదు గానీ ఒంపుల మీద కొన్నాళ్ళకి ముడుచుకుని అంచులు లేస్తాయి. టెండర్లో "వినైల్" అని మాత్రమే రాస్తే చవకదే వస్తది, కాస్ట్ అని, ల్యామినేషన్‌తో అని విడిగా రాయించండి.

అతికించే పని చూస్తే తెలుస్తది ఎంత ఓపికో. ముందు బండి ఒళ్ళంతా కడిగి, ఆరాక స్పిరిట్‌తో తుడవాలి, వేలిముద్ర ఉన్నా అక్కడ గమ్ము పట్టదు. ఇద్దరు చెరో పక్క షీటు పట్టుకుంటారు, మధ్యలోంచి స్క్వీజీతో, అంటే చదునైన ప్లాస్టిక్ పట్టీతో, బయటికి లాగుతూ గాలి తోసేస్తారు, రివెట్ల దగ్గర హీట్ గన్‌తో వేడి చేసి చిన్న బ్రష్‌తో గుండ్రంగా అద్దుతారు, ఒంపుల్లో అతికించాక మళ్ళీ బాగా వేడి పెడితే గానీ ఫిల్మ్ వెనక్కి లాక్కోవడం మానదు. షీటు మీద షీటు వచ్చే చోట నీళ్ళు కిందికి జారిపోయేలా పైది కింది దాని మీదికి రావాలి, ఇల్లు నేసేటప్పుడు పెంకు మీద పెంకు పెట్టినట్టు. నేను చేరిన మొదటి చలికాలం ఒక వ్యాన్‌కి తెల్లారే అతికించాం, రేకు చల్లగా ఉంది, తొందరలో వేడి సరిగ్గా పెట్టలేదు, మూడు వారాలకి వెనక తలుపు అంచు లేచొచ్చేసింది. ఆ బొమ్మ వేసినామె వచ్చి ఏమీ అనలేదు, లేచిన మూలని బొటనవేలితో నొక్కి పట్టుకుని అలా నిలబడింది. అప్పటి నుంచి అంచులు నేను రెండుసార్లు చూస్తా.

ఐతే ఇంత చేసినా బండి ఆగేది వారాలు కాదు, రోజులే. మూల చిరిగితే ఫైలు ఉంటది కాబట్టి ఆ ఒక్క ముక్క మళ్ళీ ప్రింట్ తీసి వేస్తాం. గడువు అయ్యాక వేడి చేసి పీకేస్తే కింద బండి రంగు అలాగే ఉంటది, అందుకే డిపో వాళ్ళు ఒప్పుకుంటారు. అసలు బొమ్మ ఆర్టిస్ట్ ఇంట్లోనే భద్రంగా ఉంటది. ఇంకా ముఖ్యంగా, బస్సు అంత బొమ్మ వేసే చోటు లేనోళ్ళు, నిచ్చెనెక్కి గంటలు గంటలు నిలబడలేనోళ్ళు, ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూ రాత్రిపూట బల్ల మీద వేసుకునేవాళ్ళు, వీళ్ళందరికీ వినైల్ తలుపు తెరుస్తది. మూడడుగుల కాగితం మీద వేసినా 33 మీటర్ల ట్రామ్ మీదికి తీసుకెళ్ళొచ్చు.

మిర్కా మోరా సంగతి చెప్తే ఇదంతా ఒకచోటికి వస్తది. ప్యారిస్‌లో పుట్టి మెల్‌బోర్న్‌లో స్థిరపడిన ఆర్టిస్ట్ ఆవిడ, పెద్ద పెద్ద కళ్ళ పిల్లలు, రెక్కలున్న జంతువులు, పాములు, పక్షులు వేసేది. 1986లో ఆవిడ బొమ్మలతో ఒక ట్రామ్ తిరిగింది, అదే ఏడు ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ దగ్గర గోడకి మొజాయిక్‌తో, అంటే చిన్న చిన్న పలకల ముక్కలు అతికించి, పెద్ద గోడబొమ్మ చేసింది. ఇవాళ్టికీ ఆ గోడ ఉంది, నేను ఎన్నిసార్లు ఆగి చూశానో, దగ్గరికెళ్ళి చెయ్యి పెడితే పలకలు చల్లగా ఎగుడుదిగుడుగా తగుల్తాయి. అప్పటి ట్రామ్ మాత్రం లైన్లో లేదు. 2018 ఆగస్టులో ఆవిడ చనిపోయింది, ఆ ఏడాదే ఆర్ట్ ట్రామ్స్ వాళ్ళు ఆ 1986 ట్రామ్ బొమ్మల్ని వినైల్‌గా తయారుచేసి వేరే ట్రామ్‌కి చుట్టి రోడ్డు మీదికి తెచ్చారు. ముప్పై రెండేళ్ళ కింద పెయింట్‌తో వేసినది వినైల్ వల్ల మళ్ళీ జనం మధ్యకి వచ్చింది. కాబట్టి నా తీర్పు ఇక్కడే చెప్పేస్తున్నా: కదిలే దానికి వినైల్, నిలబడి ఉండే దానికి చెయ్యి. స్టేషన్ గోడ, ఫ్లైఓవర్ పిల్లర్, బస్‌స్టాండ్ ప్రహరీ, ఇవన్నీ పెయింటర్లకి, ఆ కూలి వాళ్ళకి రావాలి, దాన్ని స్టిక్కర్‌తో ముగించేయొద్దు. బీహార్‌లో మధుబని రైల్వే స్టేషన్‌లో 2017లో అలాగే చేశారు, గోడలన్నీ లోకల్ ఆర్టిస్టులు చేత్తో నింపేశారు, అది సరైన చోట పడిన సరైన పద్ధతి.

వినైల్‌లో నాకు నచ్చనివి కూడా చెప్పాలి. ఒకటి కిటికీలు. అద్దాల మీద చిల్లుల ఫిల్మ్ వేస్తారు, మన షాపుల్లో వన్ వే విజన్ అంటారు, బయట నుంచి బొమ్మ కనబడుద్ది లోపల నుంచి బయట కనబడుద్ది అని చెప్తారు. పగలు పర్లేదు. రాత్రి లోపల లైట్లు వేశాక, వాన పడి చిల్లుల్లో నీళ్ళు నిలిచాక, ఏ స్టాప్ వచ్చిందో తెలీక పెద్దాళ్ళు లేచి తలుపు దాకా వెళ్ళి తొంగి చూడటం నేను చూశా. మా అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు కిటికీ పక్కన కూర్చుని గుర్తులు చూసుకుంటూనే రూట్లు నేర్చుకుంది, ఆమెకి ఇంగ్లీష్ అనౌన్స్‌మెంట్ అర్థం కాదు. బొమ్మ ఎంత అందమైనదైనా అద్దాన్ని మూసేస్తే అది ప్రయాణికుడికి నష్టమే, ప్రపోజల్లో "కిటికీలు వదిలేసి" అని మొదటి పేరాలోనే రాయమని మావాడికి చెప్పా. రెండోది, పీకేసిన వినైల్ ప్లాస్టిక్ చెత్త, గమ్ముతో ఉంటది కాబట్టి రీసైకిల్ చేయడం కష్టం, అందుకని మూడు నెలలకోసారి మార్చే పని పెట్టుకోవద్దు, ఏడాదైనా ఉంచండి.

మూడోది, అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది: ఫ్రేములో పెట్టుకునే బొమ్మని స్కాన్ చేసి బండికి సాగదీయడం. ఒక వ్యాన్ మీద ఇలాగే ఒక అమ్మాయి ముఖం వచ్చింది, తలుపు సందు సరిగ్గా ముక్కు మీద పడింది, హ్యాండిల్ కంట్లో పడింది. ట్రామ్ తలుపులు ప్రతి స్టాప్‌లో తెరుచుకుంటాయి, ఆ కాసేపు బొమ్మలో కొంత భాగం కనబడకుండా పోద్ది, అది ముందే లెక్కేసుకుని వేయాలి. చక్రాలెక్కడ, తలుపులెక్కడ, లైట్లెక్కడ అని పదింట ఒక వంతు సైజులో బండి గీత డిపో నుంచి తెచ్చుకుని దాని మీదే బొమ్మ కట్టాలి. రంగుల విషయం కూడా ఉంది, మెరిసే కాషాయం, లోతైన నీలం ప్రింట్‌లో చప్పబడతాయి, అందుకే అసలు ఫిల్మ్ మీద చేతి వెడల్పు ముక్క ప్రింట్ తీయించి ఎండలో పెట్టి చూడాలి, కంప్యూటర్ స్క్రీన్‌ని నమ్మొద్దు.

మన వాళ్ళ బొమ్మల్లో దీనికి పుట్టినట్టు సరిపోయేది చేర్యాల పటం అని నా నమ్మకం. అది ముందు నుంచీ పొడుగు బొమ్మే, గుడ్డ మీద చింతగింజల జిగురు, తెల్లమట్టి పూసి, వెనక ఎర్ర రంగు నింపి, కథని గడులు గడులుగా వేసి, చుట్ట విప్పుతూ ఊళ్ళో కథ చెప్పేవాళ్ళు. గడి అయిపోయే చోట తలుపు సందు పెడితే ఏ ముఖమూ విరగదు. స్టాప్‌లో నిలబడినోడి ముందు నుంచి బస్సు మెల్లగా పోతుంటే పటం విప్పినట్టే ఉంటది.

డబ్బు మాట కూడా ఒకటి. బస్సు పక్కలు ప్రకటనలకి అమ్ముడుపోయే చోటు, బొమ్మకి ఇస్తే ఆ ఆదాయం పోద్దని ఆఫీసర్ అడుగుతాడు, న్యాయమైన ప్రశ్నే. అందుకే మొత్తం డిపో అడగొద్దు, నాలుగైదు బస్సులు అడగండి, గడువు రాసుకోండి, ఆర్టిస్ట్ ఫీజు ప్రింటింగ్ ఖర్చులో కలపకుండా విడిగా చూపించండి, బొమ్మ హక్కు ఆర్టిస్ట్ దగ్గరే ఉండాలని, పేరు తలుపు పక్కన చదవగలిగేంత సైజులో ఉండాలని రాయించండి.

నిన్న రాత్రి వాడు వాట్సాప్‌లో ఫొటో పంపాడు. హాస్టల్ నేల మీద చార్టులు వరసగా అతికించి బస్సు గీత గీసుకున్నారు, కిటికీలు ఖాళీగా వదిలేశారు, వెనక చక్రం దగ్గర ఎడ్లబండి చక్రం వచ్చేలా జరిపారు, తలుపు సందు రెండు తాటిచెట్ల మధ్య పడింది.