సి లాంగ్వేజ్‌కి ఏ బుక్ మేలు: లెట్ అజ్ సి నా, కే అండ్ ఆర్ నా, బాలగురుస్వామి నా?

ఇంజినీరింగ్ ఫస్ట్ ఇయర్‌లో చేరిన ప్రతి పిల్లాడూ అడిగేదే ఇది, కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే సి లాంగ్వేజ్‌కి ఏ బుక్ కొనమంటావ్ అన్నా అని. ముగ్గురు సీనియర్లని అడిగితే మూడు పేర్లు చెప్తారు. ఒకడు కానేట్కర్ రాసిన లెట్ అజ్ సి అంటాడు, ఇంకొకడు బాలగురుస్వామి పుస్తకం చాలురా ఎగ్జామ్‌లో అవే వస్తాయి అంటాడు, ఎప్పుడూ లైబ్రరీలో కూర్చునే ఒకడుంటాడు కదా, వాడు మాత్రం కే అండ్ ఆర్ (కెర్నిగన్, రిచీ రాసిన "ది సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్") తప్ప ఇంకేదీ ముట్టుకోకు అని భయపెట్టి పోతాడు. నేను మూడూ చదివా, వాటి గురించి జనాలు అనేవీ చాలా ఏళ్ళుగా వింటున్నా, అందుకే నాకు తోచింది రాస్తున్నా.

లెట్ అజ్ సి గురించి ఎవర్నడిగినా వచ్చే మెచ్చుకోలు ఒకటే, "నవల చదివినట్టు చదువుకుంటూ పోవచ్చు" అని. ఇది నిజంగా మెచ్చుకోలేనా అన్నదే నా డౌటు, దాని దగ్గరికి తర్వాత వస్తా. ముందు ఆ పుస్తకం ఎందుకు అంత సులువుగా ఎక్కుతుందో చూడండి. మొదట్లోనే ఇంగ్లీష్ ఎలా నేర్చుకుంటాం అని మొదలెడతాడు, అక్షరాలు, పదాలు, వాక్యాలు, పేరాలు, సి కూడా అంతే అని. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో తిప్పలు పడి ఇంజినీరింగ్‌కి వచ్చిన పిల్లాడికి ఆ పేజీ చూడగానే హమ్మయ్య అనిపిస్తుంది, ఎందుకంటే వాడు ఆ ఇంగ్లీష్ అవస్థ ఇప్పుడే పడొచ్చాడు కాబట్టి. మొదటి ప్రోగ్రామ్ ఏంటంటే బారువడ్డీ. అసలు 1000, మూడేళ్ళు, వడ్డీ 8.5, వడ్డీ ఎంత అని. ఆ లెక్క హైస్కూల్లోనే చేసేశాం, కాబట్టి అందులో కొత్తగా నేర్చుకోవాల్సింది సి ఒక్కటే, లెక్క కాదు. తర్వాత వచ్చే ఎక్సర్‌సైజులో రమేష్ అని ఒకాయన బేసిక్ జీతం ఇచ్చి డీఏ 40 శాతం, హెచ్ఆర్ఏ 20 శాతం, గ్రాస్ ఎంతో చెప్పు అంటాడు. నాన్న గవర్నమెంట్ టీచరైన ఇంట్లో పుట్టిన పిల్లలకి ఇంక చెప్పేదేముంది, డీఏ ఎప్పుడు పెంచుతారు అన్నది రోజూ అన్నం తినేటప్పుడు వినే మాటే. ఫంక్షన్స్ (ప్రోగ్రామ్‌లో ఒక్కో పని చేసే చిన్న ముక్కలు) చాప్టర్‌లో వాటికి ఇటలీ, బ్రెజిల్, అర్జెంటీనా అని పేర్లు పెట్టి ఒకదాని నుంచి ఇంకోదాన్ని పిలిపిస్తాడు, ఎక్కడికెళ్ళి ఎక్కడికి తిరిగొస్తుందో వేలు పెట్టి చూసుకోవచ్చు.

ఇంక చాప్టర్ చివర్లో "ఈ ప్రోగ్రామ్ అవుట్‌పుట్ ఏంటి", "తప్పు ఎక్కడుంది" అనే ప్రశ్నలు. అసలు ఈ పుస్తకానికి పేరొచ్చింది వీటి వల్లే అనుకుంటా. హాస్టల్లో నలుగురు కూర్చుని టీ పందెం కాసి మరీ చేసుకునే రకం. క్యాంపస్ ప్లేస్‌మెంట్ రాతపరీక్షల్లోనూ ఇదే టైపు ప్రశ్నలు అడిగేవాళ్ళు, అమీర్‌పేట కోచింగుల్లో కూడా ఇదే పుస్తకం నలిగేది.

సరే మరి లోటు ఏంటి? రెండున్నాయి. మొదటిది పాత ఎడిషన్లు. అవి టర్బో సి (డాస్ కాలం నాటి కంపైలర్, మనం రాసిన ప్రోగ్రామ్‌ని మెషీన్‌కి అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్) రోజులవి, అంటే ఆ నీలం స్క్రీను, కంట్రోల్ ఎఫ్9 కొడితే రన్, ఆల్ట్ ఎఫ్5 కొడితే అవుట్‌పుట్, అదీ కథ. వాటిల్లో ఇంటీజర్ (పూర్ణ సంఖ్య) అంటే 2 బైట్లు, మైనస్ 32768 నుంచి 32767 దాకా. ఇప్పుడు మీ లాప్‌టాప్‌లో జీసీసీ అనే ఇప్పటి కంపైలర్ వేసుకుంటే మామూలుగా ఇంటీజర్ 4 బైట్లు, సుమారు 214 కోట్ల దాకా పోతుంది. పుస్తకంలో 32767 కి ఒకటి కలిపితే మైనస్‌లోకి పోతుంది అని ఉంటుంది, మీరు కొడితే 32768 అని బుద్ధిగా వస్తుంది, అప్పుడు పిల్లాడు తప్పు తనదే అనుకుని గంటసేపు తల పట్టుకుంటాడు. కొత్త ఎడిషన్లలో ఇదంతా సరిచేశారు, కానీ కోఠీలో సెకండ్ హ్యాండ్‌లో దొరికేవి ఎక్కువ పాతవే. పైగా కొన్ని కాలేజీ లాబుల్లో ఇప్పటికీ డాస్‌బాక్స్‌లో (పాత డాస్ ప్రోగ్రాములు నడిపించే సాఫ్ట్‌వేర్) టర్బో సి పెట్టి, క్లియర్ స్క్రీన్ (స్క్రీను తుడిచేది), గెట్ సీహెచ్ (కీ నొక్కేదాకా ఆగేది) రాయకపోతే రికార్డ్ మీద సంతకం పెట్టని మేడమ్‌లు ఉన్నారు. ఆ రెండూ అసలు సి స్టాండర్డ్‌లో లేనే లేవు, ఆ కంపైలర్‌తో వచ్చినవి.

రెండో లోటు నవల సంగతి. నవల చదివేటప్పుడు తర్వాత ఏమైంది అనే ఆత్రం ఒకటి ఉంటుంది, ఆ ఆత్రమే పేజీ తిప్పిస్తుంది. వీక్లీల్లో సీరియల్స్ వచ్చే రోజుల్లో అద్దె పుస్తకాల షాపుల దగ్గర జనం ఎగబడింది దానికే కదా, రాత్రికి రాత్రి అవగొట్టి పొద్దున్నే తిరిగిచ్చేసేవాళ్ళు, ఒకరోజు అద్దె మిగులుతుందని. కథకి అది చాలు, చదివితే అయిపోయినట్టే. టెక్నికల్ పుస్తకం అలా చదువుకుంటూ పోతే అర్థమైనట్టే ఉంటుంది, పుస్తకం మూసి తెల్ల స్క్రీను ముందు కూర్చుంటే ఒక్క లైనూ రాదు. లెట్ అజ్ సి చదివి నాకు సి వచ్చు అనుకున్నవాళ్ళు చాలామంది చివరికి అవుట్‌పుట్ చెప్పగలరు గానీ సొంతంగా ఒక యాభై లైన్ల ప్రోగ్రామ్ రాయమంటే దిక్కులు చూస్తారు. పుస్తకం తప్పు అనను, అందులో రాయమని చెప్పే ఎక్సర్‌సైజులూ బోలెడున్నాయి, కానీ ఆ నడక ఎంత సాఫీగా ఉంటుందంటే ఆగి చేత్తో కొట్టి చూడాలని అనిపించదు.

కే అండ్ ఆర్ దీనికి పూర్తిగా రివర్సు. కెర్నిగన్, రిచీ. ఇందులో రిచీ అంటే బెల్ ల్యాబ్స్‌లో సి భాషని తయారుచేసిన మనిషే. మొదటి ఎడిషన్ 1978, రెండోది 1988, ఆ రెండోది కూడా 272 పేజీలే, మన సెమిస్టర్ పుస్తకాల పక్కన పెడితే పాంప్లెట్‌లా కనిపిస్తుంది. ప్రపంచం మొత్తం కాపీ కొట్టిన హలో వరల్డ్ ప్రోగ్రామ్‌తో మొదలవుద్ది, మొదటి చాప్టర్‌లోనే దాదాపు ముప్పై పేజీల్లో లూపులు (ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయించేవి), అరేలు (ఒకే రకం విలువల వరస), ఫంక్షన్లు అన్నీ ఒక చుట్టు చుట్టేస్తాడు. చదివినవాళ్ళు చెప్పేవి రెండే రకాలు, ఒకటి "బాబోయ్ చాలా డ్రై, మనిషన్నవాడు చదవలేడు", రెండోది "ఇది చదివాక ఇంకోటి అక్కర్లేదు". మధ్యస్తంగా మాట్లాడేవాళ్ళు నాకైతే తగల్లేదు.

ఎందుకు డ్రై అంటారో ఒక ఉదాహరణ చెప్తా. హలో వరల్డ్ అవ్వగానే ఫారెన్‌హీట్ నుంచి సెల్సియస్ టేబుల్ వేసే ప్రోగ్రామ్, 0 నుంచి 300 దాకా 20 చొప్పున. అందులో లెక్కని ముందు 5 తో గుణించి తర్వాత 9 తో భాగించేలా రాస్తాడు. ఎందుకలా, నేరుగా 5/9 తో గుణిస్తే పోద్ది కదా? పోదు, ఇంటీజర్లలో 5/9 అంటే సున్నా, టేబుల్ మొత్తం సున్నాలొస్తాయి. ఇది ఆయన చెప్పేది ఒకటి రెండు వాక్యాల్లో, అంతే, బాక్సు లేదు, నోట్ లేదు, బోల్డ్ లేదు. ఆ వాక్యం మీద మీ కన్ను ఆగితే మీకు ఇంటీజర్ డివిజన్ జన్మలో మర్చిపోలేనంతగా వచ్చేస్తుంది, ఆగకపోతే ఏమీ రాదు. పుస్తకం మొత్తం ఇదే తంతు. కీబోర్డు నుంచి అక్షరం చదివే గెట్‌చార్ రిజల్టుని క్యారెక్టర్‌లో కాకుండా ఇంటీజర్‌లో ఎందుకు పెట్టాలి అనే సంగతి కూడా అలాగే దారిలో చెప్పి వెళ్ళిపోతాడు (ఫైలు అయిపోయిందని చెప్పే గుర్తు ఏ మామూలు అక్షరంతోనూ కలవకూడదు, దానికి కూడా చోటుండాలి, అందుకని). మన సైడు ఇలాంటిదానికి ఒక లెక్చర్ గంట పడుతుంది.

ఇంకోటి చెప్పాలి, ఇది నాకు చాలా ఇష్టమైన పోలిక. ఐ ప్లస్ ప్లస్, ప్లస్ ప్లస్ ఐ (రెండూ ఐ విలువని ఒకటి పెంచేవే, వాడాక పెంచాలా వాడకముందే పెంచాలా అన్నదే తేడా) రెండూ ఒకే ఎక్స్‌ప్రెషన్‌లో పెట్టి ఎంతొస్తుంది అని అడిగే ప్రశ్నలు మన కోచింగ్ మెటీరియల్‌లో కుప్పలు కుప్పలు, వాటికి 11 అని ఒకడు, 12 అని ఒకడు కొట్టుకుంటారు. కే అండ్ ఆర్ రెండో చాప్టర్ చివర్లో, అరేలో ఐ అనే స్థానంలో ఐ ప్లస్ ప్లస్ పెడితే, ఆ స్థానం పాత ఐ నా కొత్త ఐ నా అని అడిగి, ఒక్కో కంపైలర్ ఒక్కోలా తీసుకోవచ్చు, అలా రాయకండి అని ఒక్క పేరాలో తేల్చేస్తాడు. ఆ పేరా చదివినవాడు ఇంక ఆ కొట్లాటలో దిగడు. కానీ పాపం రాతపరీక్షలో నాలుగు ఆప్షన్లలో ఏదో ఒకటి టిక్కు పెట్టాలిగా, అక్కడ కే అండ్ ఆర్ మీకేం సాయం చెయ్యదు.

అసలు విలువంతా ఎక్సర్‌సైజుల్లో ఉంది. ఇన్‌పుట్‌లో వరసగా వచ్చే స్పేసులన్నిటినీ ఒక్క స్పేసుగా మార్చు. సి ప్రోగ్రామ్‌లోంచి కామెంట్లన్నీ (చదివే మనుషుల కోసం రాసే నోట్సు) తీసెయ్. బ్రాకెట్లు సరిగ్గా మూసుకున్నాయో లేదో చెప్పే ప్రోగ్రామ్ రాయ్. ఇవన్నీ మొదటి చాప్టర్‌వే అంటే నమ్మండి, ఇంకా పాయింటర్ల (మెమరీలో చిరునామాలు దాచుకునేవి) పాఠం కూడా రాలేదు. కామెంట్లు తీసే ప్రోగ్రామ్ సులువే అని మొదలెడతారు, కొటేషన్ లోపల కామెంట్ గుర్తులు ఉంటే ఏం చెయ్యాలి అన్నది తట్టేసరికి రాత్రి పన్నెండవుద్ది. ఐదో చాప్టర్‌లో స్ట్రింగ్ కాపీ ఫంక్షన్ ముందు అరే ఇండెక్స్‌తో రాసి, తర్వాత పాయింటర్లతో రాసి, తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ చివరికి పనంతా వైల్ బ్రాకెట్ లోపలే అయిపోయి లూపు లోపల ఒక్క సెమీకోలన్ మిగిలేలా చేస్తాడు. అది చూసి చిరాకు పడినవాళ్ళూ ఉన్నారు, లేచి నిలబడినవాళ్ళూ ఉన్నారు, నేను రెండో బ్యాచ్.

దానికీ లోపాలున్నాయి లెండి. జవాబులు వెనక ఉండవు, వేరే వాళ్ళు రాసిన ఆన్సర్ బుక్ విడిగా దొరుకుతుంది. చివరి చాప్టర్ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ గురించి, విండోస్ తప్ప ఇంకేదీ చూడని పిల్లలకి అది గాల్లో దీపమే. 1988 తర్వాత సి మారింది, ఉదాహరణకి మెయిన్ (ప్రోగ్రామ్ మొదలయ్యే ఫంక్షన్) ముందు టైపు రాయకుండా వదిలెయ్యడం 1999 స్టాండర్డ్‌లో తీసేశారు, ఇందులో ప్రోగ్రాములు అలాగే ఉంటాయి, ఇప్పటి కంపైలర్లు గొణుగుతాయి. ఇంటర్నెట్‌కి తగిలించే ప్రోగ్రాముల్లో ఉండాల్సిన జాగ్రత్తలు కూడా ఇందులో ఆశించొద్దు.

బాలగురుస్వామి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మొదటి ప్రోగ్రామ్ "ఐ సీ, ఐ రిమెంబర్" అని ప్రింట్ చేస్తుంది, పుస్తకం పద్ధతి కూడా అదే, చూడు, గుర్తు పెట్టుకో. డెఫినిషన్లు, టేబుళ్ళు, ఫ్లోచార్టులు, చాప్టర్ చివర కేస్ స్టడీలు, ట్రూ ఆర్ ఫాల్స్, అన్నీ యూనిట్ల వారీగా మన సిలబస్‌కి అతికినట్టు సరిపోతాయి. వైల్ కి డూ వైల్ కి తేడాలు రాయుము అంటే ఆ జవాబు ఇందులో రెడీగా ఉంటుంది. సెమిస్టర్ గట్టెక్కడానికి దీన్ని మించింది లేదు, కానీ పాసయ్యాక దీన్ని మళ్ళీ తీసి చదివినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. లైబ్రరీలో పది కాపీలుంటాయి, కొనక్కర్లేదు.

మరి నా ఓటు? సొంత లాప్‌టాప్ ఉండి, రోజూ ఓ గంట కూర్చునే ఓపికుంటే కే అండ్ ఆర్, అందులో డౌటు లేదు. ఇంగ్లీష్ భయం ఉన్నా, ఇదే మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చోవడం అయినా, కొత్త ఎడిషన్ లెట్ అజ్ సి తో మొదలెట్టి లూపులు, ఫంక్షన్లు అయ్యేదాకా దాంట్లోనే ఉండి, పాయింటర్ల దగ్గరికొచ్చేసరికి కే అండ్ ఆర్‌కి మారండి. అప్పటికి ఆ పొడిమాటలు పెద్ద పొడిగా అనిపించవు. ప్లేస్‌మెంట్ దగ్గరపడితే మళ్ళీ లెట్ అజ్ సి తీసి అవుట్‌పుట్ ప్రశ్నలు చెయ్యండి, కాకపోతే జీసీసీలో వార్నింగులన్నీ ఆన్ చేసి ప్రతిదీ కొట్టి చూడండి, కంపైలర్ ఎక్కడ అరుస్తుందో అక్కడే అసలు పాఠం ఉంటుంది. పైథాన్ వచ్చాక సి ఎందుకు అనేవాళ్ళకి ఇంకోసారి జవాబిస్తా, ఇప్పుడు ఆ గొడవలోకి దిగితే తెల్లారిపోద్ది.

కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. కోఠీ అయినా, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ అయినా, బెజవాడ లెనిన్ సెంటర్ అయినా, కే అండ్ ఆర్ సెకండ్ ఎడిషనే అడగండి, లోపల కాపీరైట్ పేజీలో 1988 ఉండాలి. మొదటి ఎడిషన్ అయితే ఫంక్షన్ ఆర్గ్యుమెంట్ల టైపులు బ్రాకెట్ లోపల కాకుండా కింద విడిగా లైను వేసి ఉంటాయి, మధ్యలో ఏ పేజీ తిప్పినా తెలిసిపోతుంది, అది తీసుకోకండి. లెట్ అజ్ సి అయితే ఇంటీజర్ పరిమితి ఎంత రాశాడో చూడండి, 32767 మాత్రమే కనిపిస్తే పక్కన పెట్టి ఇంకో కాపీ చూపించమనండి.