గజం ఎంత అని అడిగితే నవ్వారు: పశ్చిమ సుమత్రా పల్లెలో మా బస

కౌలాలంపూర్ నుంచి ఇండోనేషియాలోని పాడాంగ్‌కు విమానంలో గంట పైచిలుకు. వీసా అక్కడ దిగాకే తీసుకోవచ్చు, 30 రోజులకు 5 లక్షల రుపయా. మన ఒక్క రూపాయికి అక్కడ 180, 190 రుపయా దాకా వస్తాయి కాబట్టి లక్షలు చూసి కంగారు పడక్కర్లేదు. బాలి మానేసి మేం ఇటు రావడానికి కారణం ఒకటే. ఇక్కడి మినాంగ్‌కబావు పల్లెల్లో ఇల్లూ పొలమూ తల్లి నుంచి కూతురికి వెళ్తాయి. వీళ్లు నిష్ఠగా నమాజు చేసే ముస్లింలే, అయినా ఈ పద్ధతి వదల్లేదు. తల్లి వైపు వంశం లెక్కించే సమాజాల్లో ప్రపంచంలో ఇదే పెద్దదంటారు.

ముందు బుకిట్టింగి గురించి రెండు ముక్కలు. 900 మీటర్లకు పైన ఉండే ఊరు, చల్లగా ఉంటుంది. 1926లో కట్టిన గడియార స్తంభం, సియానోక్ లోయ, ఇండోనేషియా తొలి ఉపాధ్యక్షుడు మొహమ్మద్ హట్టా పుట్టిన ఇల్లు, అన్నీ నడక దూరంలోనే. హోటళ్లలో వేడినీళ్లకు, వైఫైకి లోటు లేదు. పెద్దవాళ్లతో వెళ్తే ఇక్కడే దిగి పగలు చుట్టుపక్కల తిరిగి రావడం మేలు. హరావు లోయలో నిట్టనిలువు కొండల కింద కాటేజీలు ఫొటోలకు బాగుంటాయి గానీ ఊరి జనం మొహం కనబడదు. ఒక రాత్రి చాలు.

మాకు నచ్చింది బతుసంకర్ దాటాక మరాపి అగ్నిపర్వతం వాలులో ఉన్న ఒక పల్లె. దగ్గర్లోని పరియాంగన్ మినాంగ్‌కబావుల తొలి ఊరని వాళ్ల నమ్మకం. అక్కడ టూరిస్టులు ఎక్కువని మేం పక్క ఊళ్లో పాత రుమా గడాంగ్‌లో, అంటే ఉమ్మడి పెద్దింట్లో దిగాం. రెండు కొసలూ గేదె కొమ్ముల్లా పైకి లేచిన కప్పు, గోడల నిండా చెక్కుడు పని. కొయ్య స్తంభాలు రాళ్ల మీద నిలబడి ఉంటాయి, భూమిలో పాతరు. భూకంపం వస్తే ఇల్లు ఊగుతుంది గానీ కూలదని ఇంటావిడ చెప్పింది. ఆమెను మేమంతా ఇబు, అంటే అమ్మ, అనే పిలిచాం. వాకిట్లో రంగ్కియాంగ్ ఉంది, మన గాదె లాంటిదే, కాకపోతే దానికీ కొమ్ముల కప్పు.

లోపల వెనక గోడ వెంబడి వరసగా గదులు, వాటి ముందు పొడవాటి హాలు. ఇదివరకు ఒక్కో గది పెళ్లయిన ఒక్కో కూతురిది. కొడుకులకు గది ఉండేది కాదు. కాస్త ఊహ తెలిసిన మగపిల్లలు మసీదు పక్క సురావులో, అంటే చిన్న ప్రార్థన మందిరంలో పడుకునేవాళ్లు, పెద్దయ్యాక సంపాదనకు ఊరు దాటేవాళ్లు. ఇప్పుడా గదుల్లో మనలాంటి అతిథులు. పరుపు పల్చన, దోమతెర శుభ్రం, అద్దె రెండున్నర లక్షల రుపయా, పొద్దుటి టిఫిన్ కలిపి. వేకువన అజాన్, వెంటనే కోళ్లు. అలారంతో పనిలేదు.

ఇక బాత్రూం సంగతి. అది ఇంటి వెనకాల పది మెట్లు దిగాక ఉంది. తొట్టి నిండా మంచులాంటి నీళ్లు, ఒక మగ్గు. మన పల్లెల్లో పెరిగినవాళ్లకు ఇబ్బంది లేదు, పిల్లలు మాత్రం గోల చేశారు. గదికి ఆనుకుని ఒకటి కట్టించొచ్చు కదా అని ఇబు కూతుర్ని అడిగా. మలేషియాలో కొన్నాళ్లు పనిచేసి రావడంతో ఆ అమ్మాయికి ఇంగ్లిష్ వచ్చు. గోడకు ఒక చిల్లు పెట్టాలన్నా వంశమంతా సరేననాలట. పిన్నులు, పెద్దమ్మలు, వాళ్ల ఆడపిల్లలు, అందరి తరఫున పెద్దరికం చేసే మేనమామ. వీళ్లలో సగం మంది జకార్తాలో, కొందరు పాడాంగ్‌లో. ఈద్‌కి అందరూ కలిసినప్పుడు మాట కుదరాలి, ఆ తర్వాత చందాలు రావాలి. కప్పు ఒక కొస కారుతోంది, కింద ప్లాస్టిక్ బకెట్ పెట్టారు. అదీ ఈద్ కోసమే ఎదురుచూస్తోంది. ఇలాంటి ఇంట్లో బసకు మార్కులు వేసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. ఇబు ఇంటికి యజమానురాలే గానీ ఇల్లు ఆమె ఒక్కదాని సొంతం కాదు.

మాతో వచ్చిన మిత్రుడికి హైదరాబాద్ శివార్లలో ప్లాట్ల వ్యాపారం. మెట్లు మెట్లుగా దిగే వరి మడులు చూసి ఆగలేక, ఇక్కడ గజం ఎంత అనేశాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చిన మేనమామగారు, దతుక్ బిరుదున్న పెద్దమనిషి, చాలాసేపు నవ్వారు. తర్వాత ఓపిగ్గా చెప్పారు. తరాలుగా వచ్చిన ఆస్తి అమ్మకానికి కాదు, తాకట్టుకే. దానికీ నాలుగు కారణాలే ఒప్పుకుంటారు: ఇంట్లో శవం లేవాలి, ఈడొచ్చిన పిల్లకు పెళ్లి కావాలి, పెద్దింటి కప్పు కారుతుండాలి, వంశానికి పెద్దను నిలబెట్టాలి. తాకట్టు లెక్క చాలాచోట్ల బంగారంలోనే. ఇన్ని గ్రాములకు పొలం ఇస్తే, విడిపించుకోవడానికీ అన్ని గ్రాములే. అంతదాకా పంట అప్పిచ్చినవాడిది. బంగారం ధర ఇప్పుడున్న తీరులో పాత తాకట్టు పొలాలు విడిపించడం ఎంత కష్టమో మన మిత్రుడికి చప్పున అర్థమైంది.

సొంతంగా సంపాదించుకున్న ఆస్తి మాత్రం ఇస్లాం పంపకాల ప్రకారం కొడుకులకూ కూతుళ్లకూ వెళ్తుంది. అందుకే పెద్దిళ్ల పక్కన సిమెంటు ఇళ్లు లేచాయి. వాటిలోనూ చాలా వరకు భార్య వాళ్ల స్థలంలో కట్టినవే. విడాకులైతే మొగుడు పెట్టె సర్దుకోవాల్సిందే. ఇక్కడ అల్లుణ్ని సుమాండో అంటారు, మొద్దు మీది బూడిద అని అతని మీద సామెత కూడా ఉంది, గాలొస్తే ఎగిరిపోతాడని. మన ఇల్లరికపు అల్లుళ్ల మీద జోకులు దీని ముందు ఎంత! 1986లో ఆంధ్రప్రదేశ్ చట్టం ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చినా, పుట్టింటి పొలం అడిగితే అన్నదమ్ములు మాటలు మానేసే ఊళ్లు నాకు తెలుసు. ఇక్కడ అడగాల్సిన అవసరమే లేదు. అలాగని ఆడవాళ్లదే రాజ్యం అనుకోవద్దు. పంచాయితీలో మాట్లాడేది మేనమామలే.

విదేశీయుల సంగతి తేలికే. 1960 నాటి భూచట్టం ప్రకారం పూర్తి యాజమాన్యం ఇండోనేషియా పౌరులకే. మనకు దొరికేది గడువుతో కూడిన వాడకం హక్కు మాత్రమే. స్థానికుడి పేరున కొని పక్కన అగ్రిమెంట్ రాసుకుందాం అనే బ్రోకర్లు తగులుతారు, అది కోర్టులో నిలవదు. పైగా ఇక్కడ వంశం భూమి కూడానూ.

తిండికి మాంసాహారులకు పండగే. రెండాంగ్, అంటే కొబ్బరిపాలలో ఇగరబెట్టిన మాంసం, ఎక్కడ తిన్నా బాగుంది. హోటల్లో అడక్కుండానే డజను ప్లేట్లు బల్ల మీద పరిచేస్తారు, ముట్టుకున్న వాటికే బిల్లు. శాకాహారులు పనసకాయ కూర, కర్రపెండలం ఆకు అడగాలి. పచ్చిమిర్చి సంబల్‌లో ఎండుచేపలు ఉన్నాయేమో కనుక్కోండి. దారిలో కవా దాఊన్ తాగండి. వేయించిన కాఫీ ఆకుల కషాయం, కొబ్బరి చిప్పలో పోస్తారు, పొగ వాసన వేస్తుంది. 1847లో డచ్చివాళ్లు కాఫీ గింజలన్నీ తమకే అప్పగించాలని నిర్బంధం పెట్టాక జనానికి ఆకులే మిగిలాయని చెబుతారు. నాకు రుచి అంతగా ఎక్కలేదు, తోడుగా ఇచ్చిన అరటి బజ్జీ ఎక్కింది.

పగరుయుంగ్ రాజభవనం చూడదగ్గదే, కానీ పాతది కాదు. 2007లో పిడుగుపడి కాలిపోయాక మళ్లీ కట్టారు. లోపల రాజవేషం అద్దెకిస్తారు, పిల్లలకు సరదా.

రవాణాయే అసలు టెన్షన్. ఎయిర్‌పోర్టులో మాట్లాడుకున్న కారువాడు సగం దారిలో రేటు పెంచాడు. మర్నాటి నుంచి ఇబు వాళ్లే ఊళ్లో కారు కుదిర్చారు, ఏ పేచీ లేదు. 2023 డిసెంబరులో మరాపి పేలి పర్వతారోహకులు 24 మంది చనిపోయారు. 2024 మేలో దాని బూడిద, బండలు వరదలో దిగొచ్చి లెంబా అనాయ్ దగ్గర హైవేని తెంచేశాయి. వానాకాలంలో బయల్దేరేముందు రోడ్డు సంగతి ఫోన్ చేసి కనుక్కోండి, కొండెక్కే ఆలోచన అసలు పెట్టుకోవద్దు.

గది బుక్ చేసేటప్పుడు కప్పు కారని వైపు గది కావాలని ముందే చెప్పండి. డబ్బు ఇంటావిడ చేతికే ఇవ్వండి. మేం బయల్దేరేటప్పుడు వాకిట్లో ఉన్న ఆమె భర్తను బిల్లు ఎంతని అడిగితే, ఆయన చెయ్యి కూడా చాపకుండా వంటింటి వైపు చూపించారు.