అరవైల్లో ఉద్యోగం వెతికిపెట్టే ఆఫీసు: నా అనుభవం

ఈ ఆఫీసువాళ్లు మన వయసు యజమానికి ముందే చెప్పి, మనల్ని పనికి పంపిస్తారు. అన్నిటికంటే ముందు రాయాల్సింది ఇదే. మామూలు కన్సల్టెన్సీల ద్వారా వెళితే, బయోడేటా చూసి రమ్మన్నవాళ్లే మనిషిని చూడగానే "తర్వాత ఫోన్ చేస్తాం" అంటారు. ఆ ఫోన్ రాదు. హైదరాబాద్ కోఠి దగ్గరున్న ఈ చిన్న సంస్థ 55 దాటినవాళ్లకి మాత్రమే ఉద్యోగాలు చూస్తుంది. "మేడమ్‌కి అరవై దాటాయి, అకౌంట్స్‌లో పాతికేళ్ల అనుభవం, రోజుకి అయిదు గంటలే చేస్తారు" అని ముందే చెప్పి, అవతలివాళ్లు సరేనంటేనే మనల్ని పంపుతారు. లోపాలు కూడా రాస్తున్నాను కాబట్టి పేరు పెట్టడం లేదు.

నేను జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూసి, 2022లో 58 నిండగానే రిటైరయ్యాను. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులకి 61 వరకు, ఆంధ్రలో 62 వరకు ఉంటుంది. మా ఫ్యాక్టరీలో 58కే ఆఖరు. నాకు వచ్చే ఈపీఎస్ (పీఎఫ్‌కి జతగా ఉండే పథకం) పెన్షన్ మూడు వేల చిల్లర. అది మా ఆయన మందులకే సరిపోదు.

ఇక్కడ ఫారం నింపించుకుని పంపేయరు. ఒక అమ్మాయి ఎదురుగా కూర్చుని ఓపిగ్గా అన్నీ అడిగింది. ఏ బస్సులో వస్తారు ఆంటీ, మెట్లు ఎక్కగలరా, భోజనానికి ముందు టాబ్లెట్ ఏమైనా వేసుకోవాలా, మార్చి నెలాఖర్లో పొద్దుపోయేదాకా ఉండగలరా అని. నా పాతికేళ్ల ఉద్యోగంలో ఇవి ఒక్కరూ అడగలేదు.

వీళ్లిచ్చిన ట్రైనింగ్ కూడా నిజంగా పనికొచ్చింది. నేను మానేసేనాటికి మా ఫ్యాక్టరీలో ఈ-ఇన్‌వాయిస్ (బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) లేదు. 2023 ఆగస్టు నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారాలకి కూడా అది తప్పనిసరి అయింది. పోర్టల్ నుంచి ఆ బిల్లుకిచ్చే ఐఆర్‌ఎన్ నంబరు, క్యూఆర్ కోడ్ తెచ్చుకుని బిల్లు మీద వేయడం, తప్పు పడితే 24 గంటల్లోపు క్యాన్సిల్ చేయడం, అన్నీ మాచేతే చేయించారు. నేర్పిన ఆయన కూడా రిటైరైనవాడే. "ఇందాకే చెప్పానుగా" అనే మాట ఆయన నోట రాలేదు. నాకున్న టెన్షన్ సగం అక్కడే పోయింది.

ఇప్పుడు ట్రూప్ బజార్‌లో ఒక ఎలక్ట్రికల్ హోల్‌సేల్ షాపులో పొద్దున పదకొండు నుంచి నాలుగు దాకా చేస్తున్నాను. జీతం మాట్లాడేటప్పుడు యజమాని "పెన్షన్ వస్తుందిగా అమ్మా, ఎనిమిది వేలు చాలవా" అన్నాడు. నేను జవాబు వెతుక్కునేలోపే ఆఫీసు అమ్మాయి "జీతం పనికి కదా సార్" అంది. పన్నెండు వేలకి కుదిరింది. 58 దాటితే పీఎఫ్ ఉండదని కూడా ఆయన అనుకున్నాడు. ఆగిపోయేది యజమాని కట్టేదాంట్లో పెన్షన్ పథకానికి పోయే వాటా మాత్రమే. నేను పాత పీఎఫ్ డబ్బు తీసేయలేదు, సభ్యత్వం ఉంది. కాబట్టి యజమాని వాటా మొత్తం నా పీఎఫ్ ఖాతాకే పోవాలి. ఇదీ ఆ అమ్మాయే విడమరిచి చెప్పింది.

ఇక లోపాలు. పెద్దవాళ్ల కోసం పెట్టిన ఆఫీసు రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎలా ఎక్కుతారు? ఇది వెంటనే మార్చాలి. చదువు తక్కువున్న మగవాళ్లకి వాచ్‌మన్ పని తప్ప ఇంకేదీ చూపించడం లేదు. నాతోపాటు వచ్చినాయన ముప్పై ఏళ్లు లేత్ మెషీన్ మీద పనిచేశాడు. అలాంటివాణ్ణి పన్నెండు గంటల రాత్రి డ్యూటీకి పొమ్మనడం నాకు చాలా బాధనిపించింది. ఐటీఐ కుర్రాళ్లకి పని నేర్పే చోటు ఆయనకి చూడొచ్చుగా. చెప్పాను, రాసుకున్నారు.

రిజిస్ట్రేషన్‌కి డబ్బు తీసుకోరు, ట్రైనింగ్‌కి మాత్రం 1,500 కట్టాను. 60 దాటినవాళ్లయితే కేంద్రం 2021 అక్టోబరులో మొదలుపెట్టిన, పెద్దవాళ్లకి ఉద్యోగాలు చూపే సేక్రెడ్ పోర్టల్‌లో కూడా పేరు రాయించుకోండి. ఉద్యోగం గ్యారంటీ ఉండదు. పెద్దవాళ్ల కోసం 14567 హెల్ప్‌లైన్ కూడా ఉంది, కాల్‌కి డబ్బు పడదు. 58కే ఇంటికొచ్చి ఇంకా 60 నిండనివాళ్లకి ఆ పోర్టల్ వర్తించదు కాబట్టి, వాళ్లకి ఇలాంటి ఆఫీసులే దిక్కు.

వెళ్లేటప్పుడు ఆధార్, పాత కంపెనీ రిలీవింగ్ లెటర్, పీఎఫ్ ఖాతాకిచ్చే యూఏఎన్ నంబరు పట్టుకెళ్లండి. మధ్యాహ్నం రెండు దాటాక వెళితే జనం తక్కువ ఉంటారు, ఆ అమ్మాయి తీరిగ్గా మాట్లాడుతుంది.