పెరుగన్నమా, గుడ్డా, చికెనా, చేపా: పిల్లికి మనింటి తిండిలో ఏది మేలు?

మేం అద్దెకుండేది తిరుపతి భవానీ నగర్‌లో, మేడ మీద పోర్షన్. కింద ఇంటి ఓనరు, పెద్దమ్మ అని పిలుస్తాం. నాన్‌వెజ్ వండబోమని మాటిచ్చాకే ఇల్లిచ్చింది. ఆ మాట మేమిచ్చాం గానీ మిరియం ఇవ్వలేదు కదా. మిరియం అంటే పోయినేడు వానల్లో మెట్ల కింద దొరికిన పిల్లి, తోక కొస తప్ప ఒళ్లంతా నలుపు. అది వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఒకటే పంచాయితీ: పెద్దమ్మ పెరుగన్నం అంటుంది, నేను గుడ్డు అంటాను, కొర్లగుంటలో ఉండే మా తమ్ముడు చికెన్ అంటాడు, ఎదురింటి అక్క రెండు కరవాడు (ఉప్పుచేప) ముక్కలు వేస్తే సరిపోతుంది కదమ్మా అంటుంది. నలుగురి మాటా పట్టుకుని నాకు తెలిసినంతలో తూచి చూశాను.

ముందు పెరుగన్నం, ఎందుకంటే మన వైపు సగం ఇళ్లలో పిల్లికి పడేది ఇదే. పెద్దమ్మ వాదన గట్టిదే: "మా పుట్టింట్లో పిల్లులన్నీ పాలన్నం తినే బతికాయి, వాటికేమొచ్చింది?" ఏమీ రాలేదు, నిజమే, కానీ ఆ ఇంట్లో వడ్ల గాదె ఉండేదని, ఎలకలు ఎన్నుండేవో లెక్కలేదని కూడా తనే చెబుతుంది. పిల్లి పగలు పాలన్నం నాకి రాత్రి ఎలకల్ని తినేది. అసలు భోజనం ఆ ఎలకే, పాలన్నం చిరుతిండి. మిరియానికి ఎలక ఎక్కడ దొరుకుతుంది? మేడ మీద తలుపులేసిన ఇల్లు, బల్లి కనబడితే అదే పండగ.

పిల్లి ఒళ్లు మాంసం మీదే నడిచేలా తయారైంది. టారిన్ అనే పదార్థం దానికి చాలినంతగా సొంతంగా తయారవదు, మాంసం, చేప లాంటి వాటి నుంచే రావాలి, బియ్యంలో అది లేదు. టారిన్ తక్కువైతే కంటి లోపలి పొర దెబ్బతింటుంది, గుండె కండరం సాగిపోయి బలహీనపడుతుంది. 1987లో అమెరికా పరిశోధకులు ఈ గుండె జబ్బుకూ టారిన్‌కూ ఉన్న లంకె బయటపెట్టాకే క్యాట్ ఫుడ్‌లో దాని మోతాదు పెంచారు. విటమిన్ ఎ కూడా అంతే, మనం క్యారెట్ తింటే మన ఒంట్లో తయారవుతుంది, పిల్లికి ఆ పని రాదు. ఇక పాల సంగతి. తల్లిపాలు మానేశాక చాలా పిల్లులకు పాలలోని చక్కెరను అరిగించే శక్తి తగ్గిపోతుంది, గిన్నెడు పాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి. పెరుగులో ఆ చక్కెర కొంచెం తక్కువ కాబట్టి ఒక చెంచా ఇస్తే చాలావాటికి ఇబ్బంది ఉండదు. అన్నమూ విషమేం కాదు. కడుపు నిండుతుంది, అంతే. ఇంకో మాట, ఆవాలు, మిరపకాయ, ఇంగువ పోపు పెట్టిన పెరుగన్నం మనకు అమృతం, పిల్లికి వద్దు.

గుడ్డు దగ్గరికొస్తే, మాలాంటి ఇళ్లకు ఇదే రాజీమార్గం. మంచి ప్రోటీన్, చవక, ఏ సందు చివరైనా దొరుకుతుంది. పచ్చి గుడ్డు మాత్రం పెట్టకండి, పచ్చి తెల్లసొనలోని ఎవిడిన్ అనే ప్రోటీన్ బయోటిన్ విటమిన్‌ను పట్టేసుకుంటుంది, పైగా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం. గట్టిగా ఉడకబెడితే రెండు బాధలూ పోతాయి. ఉప్పు, నూనె, మిరియాల పొడి ఏదీ వద్దు (మిరియం పేరుకే మిరియం). ఎంత పెట్టాలి అన్న చోటే అందరం తప్పులో కాలేస్తాం. 4 కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 నుంచి 250 క్యాలరీలు చాలు, ఒక గుడ్డులోనే 70 దాకా ఉంటాయి, అంటే మనం ముచ్చటపడి పెట్టిన ఒక్క గుడ్డు దాని రోజు తిండిలో మూడో వంతు. పైతిండి ఏదైనా పదో వంతు దాటకూడదంటారు, ఆ లెక్కన గుడ్డులో మూడో భాగం. మిగతాది నేనే తింటాను. గుడ్డులో టారిన్ అంతంత మాత్రమే కాబట్టి దీని మీదే పిల్లిని పెంచలేం.

చికెన్‌లో మా తమ్ముడే గెలిచాడు, ఒప్పుకుంటున్నా. ఉప్పూ కారం లేకుండా నీళ్లలో ఉడికించి, ఎముక తీసేసి, చిన్న చిన్న పీచులుగా చేసి పెడితే ఇంటి తిండిలో దాన్ని మించింది లేదు. బ్రెస్ట్ ముక్క కంటే తొడ ముక్కలో టారిన్ ఎక్కువ, గుండెకాయలో ఇంకా ఎక్కువ. టారిన్ నీళ్లలోకి దిగిపోతుంది, అందుకని ఉడికించిన నీళ్లు పారబోయకుండా ముక్కల మీదే పోయాలి. మామూలుగా నీళ్లు తక్కువ తాగే పిల్లికి అలాగైనా నాలుగు గుక్కలు లోపలికి పోతాయి. లివర్ వారానికి ఒకసారి, గోరంత ముక్క. రోజూ పెడుతూ పోతే విటమిన్ ఎ ఎక్కువై మెడ ఎముకలు బిగుసుకుపోతాయి.

ఉడికిన ఎముకలు పుల్లల్లా చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి, అవి వద్దే వద్దు. దానికన్నా పెద్ద గండం మన కూర. మా తమ్ముడింట్లో ఒక ఆదివారం రాగి సంకటి, నాటుకోడి పులుసు. అందులోంచి ఒక ముక్క తీసి కుళాయి కింద శుభ్రంగా కడిగి, మసాలా పోయిందిలే అనుకుని మిరియం కోసం తెచ్చి పెట్టేశాను. ఉల్లి, వెల్లుల్లి సారం ముక్క లోపలికి ఇంకిపోయి ఉంటుంది, కడిగితే పోదు, ఉడికించినా పోదు, అది పిల్లి రక్తంలో ఎర్రకణాలను పగలగొడుతుంది, వెల్లుల్లి అయితే ఉల్లి కంటే ఘాటుగా. ఈ సంగతి పెట్టిన తరవాత తెలిసింది. లక్షణాలు కొన్ని రోజుల తరవాత కూడా బయటపడొచ్చని చదివి వారం పాటు రోజూ దాని పెదవి ఎత్తి చిగుళ్లు పాలిపోయాయా, మూత్రం ముదురు రంగులో వస్తోందా అని చూస్తూ కూర్చున్నా, ఆ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు. చిన్న ముక్క కాబట్టి ఏమీ కాలేదు. మీరు నాలా కాచుకుని కూర్చోకుండా డాక్టరుకు ఫోన్ చేయండి, ఊళ్లో వెటర్నరీ యూనివర్సిటీయే ఉంది కదా.

చేప మీద పిల్లులకున్న మోజు సరే, మేలు విషయంలో చికెన్ తరవాతే. ఉడికించి, ముల్లు ఏరి, వారానికి ఒకటి రెండుసార్లు పెట్టొచ్చు. కొన్ని రకాల పచ్చి చేపల్లో విటమిన్ బి1ను నాశనం చేసే పదార్థం ఉంటుంది, ఉడికిస్తే అది చస్తుంది. ఎదురింటి అక్క చెప్పిన కరవాడు, అదే ఉప్పుచేప, మాత్రం వద్దు, పేరులోనే ఉంది కదా ఉప్పు.

తిరుపతిలో ఉంటూ లడ్డూ ఊసెత్తకపోతే ఎలా? కొండకు వెళ్లొచ్చిన వాళ్లు ఇచ్చిన ప్రసాదం బల్ల మీద పెడితే మిరియం వాసన చూస్తూ చుట్టూ తిరుగుతుంది. తీపి కోసం కాదు, పిల్లి నాలుకకు తీపి తెలియదు, తీపిని పట్టే జన్యువు దానిలో పనిచేయదని 2005లో తేల్చారు. దాన్ని లాగుతున్నది నెయ్యి వాసన అనుకుంటా. లడ్డూలో ఎండుద్రాక్ష ఉంటుంది, కుక్కల్లో అది కిడ్నీలను దెబ్బతీస్తుందని తెలుసు, పిల్లితో ప్రయోగం ఎందుకు? డబ్బా మూత బిగించండి. చాక్లెట్, కాఫీ, టీ కూడా అటకెక్కించాల్సినవే. గుమ్మడికాయ ఉడికించి ఒక చెంచా పెడితే మలబద్ధకానికి పనికొస్తుంది, కూరగాయల్లో నేను పట్టించుకునేది అదొక్కటే.

ఇంతకీ ఏది మేలంటే, నా వరుస ఇది: ఉడికించిన చికెన్, తరవాత గుడ్డు, ఆ తరవాత చేప, చిట్టచివర పెరుగన్నం. కానీ చికెన్ ఒక్కటే పెట్టి పెంచినా కుదరదు, వట్టి మాంసంలో కాల్షియం దాదాపు ఉండదు, ముఖ్యంగా కూనలకు ఎముకలు గుల్లబారతాయి. ఎలకనైతే ఎముకలతో సహా తింటుంది కాబట్టి దానికా లోటు లేదు. అందుకే రోజువారీ తిండిగా క్యాట్ ఫుడ్డే పెట్టి, ప్యాకెట్ మీద కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్ (అంటే పోషకాలన్నీ సరిపడా ఉన్నాయని) అని ఉందో లేదో చూసి కొని, పైన ఇవి చేరుస్తున్నా. అందులో ఉన్నదీ కోడే, కాకపోతే గోలీల్లా ఉంటుంది కాబట్టి పెద్దమ్మకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు ఆదివారం తమ్ముడు ఉడికించి ఇచ్చిన చికెన్ డబ్బా మా ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది. వండబోమని మాటిచ్చాం గానీ తెచ్చుకోబోమని చెప్పలేదుగా. మిగతా రోజుల్లో గుడ్డు, ఎలక్ట్రిక్ కెటిల్‌లో. పెద్దమ్మ పెరుగన్నాన్ని ఒక చెంచాకి తగ్గించింది, పోపు కూడా మానేసింది. గుడ్డు పెంకులు మాత్రం తన చెత్తబుట్టలో కనబడకూడదంది.