వీలునామా లేని ఇల్లు: పంచుకోవాలా, ఒకరు ఉంచుకోవాలా, అమ్మేయాలా?

తండ్రి సొంత సంపాదనతో ఇల్లు కట్టాడు. వీలునామా రాయకుండానే పోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. ఎన్ని వాటాలు? రెండు అనే కొడుకులు ఉంటారు, మూడు అనే కూతుళ్లూ ఉంటారు. అసలు లెక్క నాలుగు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లికీ ముగ్గురు పిల్లలకూ తలా పావు వంతు వస్తుంది. నానమ్మ బతికి ఉంటే ఆవిడా సమాన వాటాదారే, అప్పుడు వాటాలు ఐదు. కూతురికి కట్నం ఎంత ఇచ్చారు, పసుపు కుంకుమ కింద ఏం పెట్టారు అన్నవి ఈ లెక్కలోకి రావు. (ముస్లిం, క్రైస్తవ కుటుంబాల నియమాలు వేరు. ఇక్కడ చెప్పేది హిందూ చట్టం కిందికి వచ్చేవాళ్ల సంగతి.)

"ఇది తాతల ఆస్తి, ఆడపిల్లలకు రాదు" అనే వాదన ఇంకా వినిపిస్తూనే ఉంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూడా కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉందని 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన సవరణ చెప్పింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం ఈ సవరణ తిరగదోడదు.

ఇక ఏం చేయాలన్న దగ్గర చాలా కుటుంబాలు పట్టే దారి, ఏమీ చేయకపోవడం. "అమ్మ ఉన్నంతకాలం కదపొద్దు" అంటారు. మర్యాదగానే ఉంటుంది గానీ, నా లెక్కలో ఉన్నవాటిలో ఇదే ఖరీదైన దారి. పై కుటుంబంలో పెద్దకొడుకు కూడా వీలునామా లేకుండా పోయాడనుకోండి. అతని పావు వాటా భార్యకు, ఇద్దరు పిల్లలకు, తల్లికి నాలుగు భాగాలవుతుంది. నలుగురు వాటాదారులున్న ఇంటికి ఇప్పుడు ఆరుగురు, తల్లి వాటా పదహారింట ఐదు. పిల్లల్లో ఒకరు మైనరైతే వాళ్ల వాటా అమ్మడానికి కోర్టు అనుమతి అడగాల్సి రావచ్చు. ఒకరు విదేశాల్లో ఉంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. ఈలోపు ఇంటిపన్ను ఎవరు కడుతున్నారో వాళ్లకి "ఇల్లు నాదే" అన్న ధీమా పెరుగుతుంది. పన్ను రసీదు పేరు మారినంత మాత్రాన హక్కు మారదని ఆ ఇంట్లో ఎవరికీ తెలిసి ఉండదు.

దీనికి దగ్గరి చుట్టం లాంటిది ఇంకో దారి: అందరూ తమ వాటాలు తల్లి పేరున విడుదల చేయడం, అంటే వదులుకుని ఆవిడకు రాసివ్వడం. ఆవిడకు భద్రత కావాలనుకునేవాళ్లకు ఇది మంచిదే. కానీ అప్పటినుంచి ఇల్లు పూర్తిగా ఆవిడదే. రేపు ఒక్క బిడ్డకే రాసిచ్చినా మిగతావాళ్లు అడ్డుపడలేరు. ఆవిడ అలా బిడ్డకు రాసిచ్చేటప్పుడు తనను చూసుకోవాలన్న షరతు ఆ దస్తావేజులోనే పెట్టించాలి. ఆ మాట తప్పితే 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల చట్టం కింద ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చు.

గట్టిగా పోటీపడే దారులు రెండు. ఒకటి భాగపరిష్కారం, అంటే ఇంటినే ముక్కలు చేసుకుని పార్టిషన్ డీడ్ రాసుకోవడం. రెండోది, ఇల్లు ఒకరు ఉంచుకుని మిగతావాళ్లకు డబ్బిచ్చి హక్కు విడుదల దస్తావేజు రాయించుకోవడం.

స్థలం పెద్దదై, రెండు వైపులా రోడ్డు ఉంటే భాగపరిష్కారానికి మించింది లేదు. ఎవరి ముక్క వాళ్లది, ఎవరి కరెంటు మీటరు వాళ్లది. చిక్కంతా మామూలు ఇళ్లతోనే. రెండు వందల గజాల్లో ఒక మెట్లదారి, ఒక బోరు, ఒక సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇంటిని కాగితం మీద మూడు ముక్కలు చేయొచ్చు, బతకడానికి మాత్రం మూడు ఇళ్లు కావు. అంతస్తుల వారీగా పంచుకుంటే భూమిలో ఎవరికి ఎంత అవిభాజ్య వాటా (విడదీయకుండా ఉమ్మడిగా ఉండే వాటా) ఉందో, మేడమీద హక్కు ఎవరిదో, పైన కొత్త అంతస్తు వేసుకునే హక్కు ఎవరికుందో దస్తావేజులో రాయాలి. చాలా డీడ్లలో గదుల కొలతలు అంగుళాలతో సహా ఉంటాయి, మేడ ఊసే ఉండదు. పదేళ్ల తర్వాత గొడవ అక్కడే మొదలవుతుంది. నడవ ఎంత వెడల్పు, మోటారు చెడితే బాగుచేయించే ఖర్చు ఎవరిది, ఇవి అడగడానికి చిన్నతనంగా అనిపించినా ముందే అడిగి రాయించాలి.

అందుకే చిన్న ఇంటికి నేను హక్కు విడుదల వైపే మొగ్గుతాను, కొనేవాళ్ల దగ్గర డబ్బో బ్యాంకు లోనో ఉంటే. స్టాంపు ఖర్చు సాధారణంగా అమ్మకం దస్తావేజు కంటే తక్కువ, ఇల్లు కుటుంబంలోనే ఉంటుంది. జాగ్రత్తలు ఉన్నాయి. విడుదల అనేది ఒక వాటాదారు ఇంకో వాటాదారుకి చేసేది. వదిన పేరున రాయమంటే ఆవిడ వాటాదారు కాకపోతే అది విడుదల కాదు, దానమో అమ్మకమో అవుతుంది. నోటరీ స్టాంపు కాగితం మీద "నా వాటా వదులుకున్నాను" అని సంతకం చేయించుకుని నిశ్చింతగా ఉండేవాళ్లున్నారు. నూరు రూపాయలకు మించిన స్థిరాస్తి హక్కు వదులుకోవాలంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి ఆ కాగితంతో హక్కు రాదు. డబ్బు బ్యాంకు ద్వారానే మారాలి, ఎంతో దస్తావేజులో ఉండాలి. రాఖీ రోజున చెల్లెలితో "ప్రేమతో" సంతకం పెట్టించుకునే పద్ధతి గురించి వేరే చెప్పక్కర్లేదు.

ధర దగ్గరే టెన్షన్. ఇల్లు ఉంచుకునేవాడు రిజిస్ట్రేషన్ శాఖ విలువ చూపిస్తాడు, వెళ్లిపోయేవాళ్లు బజారు ధర అడుగుతారు. న్యాయం బజారు ధరదే. ఇద్దరే ఉండి ఇద్దరికీ కొనే స్తోమతుంటే ఒక మంచి ఉపాయం ఉంది: ధర ఒకరు చెప్పాలి, ఆ ధరకు కొంటారో అమ్ముతారో రెండోవాళ్లు తేల్చుకోవాలి. తక్కువ చెప్పాలన్న ఆశ దానితో పోతుంది. పైఅంతస్తు ఒకరు సొంత డబ్బుతో కట్టి ఉంటే ఆ ఖర్చు విడిగా లెక్కేయాలి. కట్టినందుకు నేల మొత్తం అతనిదైపోదు, అలాగని ఖర్చు గాల్లో కలిసిపోవాలనడమూ సరికాదు.

ఎవరి దగ్గరా డబ్బు లేకపోతే అందరూ కలిసి మొత్తం ఇల్లు అమ్మడమే శుభ్రం. విడివిడిగా వాటాలు అమ్మితే ధర పడిపోతుంది. నివాసపు ఇంట్లో వాటా కొన్న బయటివాడికి కుటుంబంతో పాటు అందులో ఉండే హక్కు చట్టం ఇవ్వదు, కాబట్టి ధైర్యంగా కొనేవాళ్లు తక్కువ. వారసత్వంగా వచ్చినందుకు పన్ను లేదు, అమ్మితే లాభం మీద ఉంటుంది. డబ్బు తీసుకుని హక్కు విడుదల చేసినా ఆ కోణంలో అది అమ్మకమే, పన్ను విషయంలో రెండింటికీ తేడా లేదు. కొన్న ఖరీదు కింద తండ్రి పెట్టిన ఖర్చు చూస్తారు, 2001 ఏప్రిల్ 1కి ముందుదైతే ఆ తేదీ నాటి విలువ తీసుకోవచ్చు. పాత ఇంటి పత్రాలు, లింకు డాక్యుమెంట్లు పారేయొద్దనేది ఇందుకే.

ఇక కోర్టు. దావా వేస్తే బంధం తెగిపోతుందని భయపడతారు. ఒకరు ఇంట్లో కూర్చుని అద్దెలు వసూలు చేసుకుంటూ ఫోనెత్తకపోతే ఆ బంధం అప్పటికే తెగింది, దావాను తప్పుపట్టడం అనవసరం. 2005కు ముందు మగ వారసులు పంచుకోదలిస్తే తప్ప ఆడ వారసులు నివాసపు ఇంట్లో వాటా విడదీయమని అడగడానికి వీలుండేది కాదు, ఆ అడ్డు ఇప్పుడు లేదు. కాకపోతే తెలుసుకుని దిగాలి. మొదట వచ్చేది ప్రిలిమినరీ డిక్రీ, అంటే కోర్టు ఇచ్చే ప్రాథమిక ఉత్తర్వు, అది వాటాలు తేల్చుతుంది అంతే. తర్వాత కోర్టు నియమించే అడ్వొకేట్ కమిషనర్ కొలతలు, ఆపైన ఫైనల్ డిక్రీ, ఆ తర్వాతే స్వాధీనం. ఇల్లు ముక్కలు కానిదైతే 1893 నాటి విభజన చట్టం కింద అమ్మి సొమ్ము పంచవచ్చు. అంటే ఏళ్ల తర్వాత చేరేది మొదట్లోనే చేయగలిగిన అమ్మకం దగ్గరికే. దావాలో వాటాదారులందరినీ, ఉమ్మడి ఆస్తులన్నిటినీ చేర్చాలి. పొలం వదిలేసి ఇల్లు ఒక్కటే అడిగితే అవతలివాళ్లకు మంచి అభ్యంతరం దొరుకుతుంది.

కేసు నడుస్తుండగా రాజీ కుదిరితే లోక్ అదాలత్‌కు తీసుకెళ్లొచ్చు. అక్కడి అవార్డు, అంటే రాజీ తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది. కానీ దాని మీద అప్పీలు లేదు. సంతకం పెట్టే ముందు షెడ్యూలులో (ఆస్తి వివరాల పట్టికలో) హద్దులు, గజాలు, మెట్లదారి, మేడ హక్కు ఒక్కొక్కటీ చదివించుకుని, డబ్బు ఏ తేదీకి ఇవ్వాలో, ఇవ్వకపోతే ఏమవుతుందో అందులోనే రాయించండి.