స్టేడియం దారిలోని గట్టింగ్ షాపు: సామాన్లు బాగున్నాయి, క్లాసు ఇంకా బాగుంది

తిరుపతిలో స్పోర్ట్స్ సామాన్లు ఎక్కడ కొనాలని ఎవరడిగినా నేను చెప్పేది ఈ షాపే. యూనివర్సిటీ తారకరామ స్టేడియం నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో ఒక సందు మొదట్లో ఉంటుంది. బోర్డు మీద పేరు ఎండకి వెలిసిపోయింది కానీ గట్టింగ్ షాపు అంటే ఆటోవాళ్లు కూడా చూపిస్తారు. గట్టింగ్ అంటే రాకెట్‌కి గట్టు, అదే వల తీగ, బిగించడం. షోరూం ఊహించుకుని పోవద్దు. ఏసీ లేదు, ఇద్దరు లోపలికి పోతే మూడో మనిషి మెట్ల మీద నిలబడాల్సిందే, బండి పెట్టుకోవడానికి చోటు అసలే లేదు. రేట్లు ఆన్‌లైన్ కన్నా కాస్త ఎక్కువ, బేరమాడితే కొంచెం తగ్గిస్తాడు.

అయినా అక్కడికే ఎందుకంటే, షాపు నడిపే పెద్దాయనకి అన్ని ఆటలూ ఇష్టం. మామూలుగా స్పోర్ట్స్ షాపుల్లో ముందు వరసంతా క్రికెట్ బ్యాట్లే వేలాడదీసి, ఏ ఖోఖో పిల్లలో వచ్చి మోకాలి క్యాపులు అడిగితే ఆ మూల అట్టపెట్టెలో చూసుకోమంటారు. ఇక్కడ అట్లా ఉండదు.

మా ఇంట్లో ఈ గొడవ పాతదే. మా బామ్మర్దికి క్రికెట్ తప్ప మిగతావేవీ ఆటల కింద లెక్కకే రావు. మా అబ్బాయికి షటిల్ పిచ్చి. టీవీ రిమోట్ దగ్గర మొదలయ్యే పంచాయితీ అన్నం తినేదాకా నడుస్తుంది. రాకెట్ గట్టింగ్‌కి ఇవ్వాలి, బామ్మర్దికి బ్యాట్ కావాలి అని ఇద్దర్నీ ఒకేసారి తీసుకుపోయా. షాపులో కూడా మొదలుపెట్టారు. "క్రికెట్లో సగం మంది ఊరికే నిలబడుకోనే ఉంటారు కదా మామా" అని వాడు, "ఈకలు కొట్టుకునే ఆటకి అంత సీన్ లేదులేరా" అని ఈయన. పెద్దాయన మెషీన్ మీద రాకెట్ బిగించుకుంటూ తలెత్తకుండానే "ఈడ ఆ పంచాయితీలొద్దు సామీ" అన్నాడు.

అని ఊరుకోలేదు. మావాడి చేతిలో కొత్త లెదర్ బాల్ పెట్టి, ఇది నూట అరవై గ్రాములుంటాది, నూట నలభై స్పీడులో వస్తే నీకు అర సెకను కూడా దొరకదు, ఆ లోపల ముందుకు పోవాల్నా వెనక్కి పోవాల్నా తేల్చుకోవాల, స్లిప్‌లో బ్యాట్స్‌మన్ వెనకపక్క నిలబడినోడు రోజంతా దీనికోసమే కాసుకోనుంటాడు, అది ఊరికే నిలబడడమా అన్నాడు. తర్వాత బామ్మర్ది వైపు తిరిగి ఒక షటిల్ ఇచ్చాడు. ఐదు గ్రాములు, పదహారు ఈకలు. మన అమలాపురం అబ్బాయి సాత్విక్ దీన్నే గంటకి 565 కిలోమీటర్ల స్పీడుతో కొట్టి 2023లో గిన్నిస్ రికార్డు పెట్టాడంటే మా బామ్మర్ది నమ్మలేదు, ఫోన్లో వెతికి చూసుకున్నాడు. "అంత స్పీడుగా పోయేదాని స్పీడు అవతలికి చేరేలోపల పడిపోతాది, ఎంత పడిపోతాదో లెక్కేసుకోని ఆడాల" అని పెద్దాయన మళ్లీ గట్టింగ్‌లో పడ్డాడు. బామ్మర్ది షటిల్‌ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏమీ అనలేదు, ఆయన విషయంలో అదే ఎక్కువ.

నాకూ అదే అనిపిస్తుంది. ఏ ఆట గొప్పదని గట్టిగా వాదించేవాళ్లలో చాలామంది అవతలి ఆట సామాను ఒక్కసారి కూడా చేత్తో పట్టుకుని ఉండరు. కబడ్డీలో రైడరు 30 సెకన్లలో కూత ఆపకుండా ఏడుగురి మధ్యకి ఒక్కడే పోయి రావాలి, టెస్టు మ్యాచ్‌లో బ్యాట్స్‌మన్ అదే ఏకాగ్రతని గంటల తరబడి మొయ్యాలి, వీటిని ఏ తక్కెడలో వేసి తూస్తారు? డబ్బులూ టీవీ టైమూ అంతా క్రికెట్‌కే పోతున్నాయన్న బాధ మాత్రం నిజం. యెర్రావారిపాలెం మండలం నుంచి పోయి ఇండియా హాకీ జట్టుకి గోల్‌కీపింగ్ చేసిన ఇ.రజని పేరు తిరుపతిలో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. కానీ దానికి క్రికెట్లో కవర్ డ్రైవ్ షాట్ ఏం పాపం చేసింది? తిట్టాలంటే స్పాన్సర్లని తిట్టండి, టీవీలవాళ్లని తిట్టండి.

సరే, పని సంగతికి వస్తా. గట్టింగ్ ఇక్కడ ఫస్ట్ క్లాస్. ఇంతకుముందు వేరే చోట ఇస్తే ఏమీ అడక్కుండా గట్టు 28 పౌండ్ల బిగువుకి లాగేశారు, కొన్నాళ్లకే ఫ్రేమ్ చీలింది, పిల్లాడికి మోచేయి నొప్పి ఎక్స్‌ట్రా. ఈయన ముందు ఎవరు ఆడతారు, వారానికి ఎన్ని రోజులు, స్మాష్ (గట్టి దెబ్బ) ఎక్కువా డ్రాప్ (మెల్లగా నెట్ దగ్గర వేసేది) ఎక్కువా అని అడిగి, చేతిలో ఇంకా బలం రాలేదు కాబట్టి 23 చాలన్నాడు. గట్టు బిగువు పెరిగేకొద్దీ దెబ్బంతా మన చేతిలోంచే రావాలట. పాత గట్టు కత్తిరించినాక ఫ్రేమ్ చుట్టూ వేలితో తడిమి, నలిగిపోయిన గ్రోమెట్లు (గట్టు దూరే చిన్న ప్లాస్టిక్ గొట్టాలు) రెండు పీకి కొత్తవి వేశాడు, వాటికి డబ్బులు తీసుకోలేదు. ఈకల షటిల్ డబ్బా అడిగితే 78 స్పీడు నంబరు పక్కన పెట్టేసి 76 ఇచ్చాడు. మన ఎండలకి గాలి పలచబడి షటిల్ దూరం పోతుందని, స్లో నంబరే లైన్ లోపల పడుతుందని చెప్పాడు.

బ్యాట్ దగ్గర కూడా అంతే. బామ్మర్ది ఖరీదైన ఇంగ్లీష్ విల్లో చెక్క బ్యాట్ మీద చెయ్యి వేస్తే, ఆడేది టెన్నిస్ బాల్‌తో అయితే డబ్బులు దండగని కాశ్మీర్ విల్లో చూపించాడు. ఏ షాపువాడు చెప్తాడండీ ఆ మాట!

మేమున్నప్పుడే వాలీబాల్ పిల్లలు గాలి కొట్టించుకోవడానికి వచ్చారు. సూదిని తడిపి గానీ లోపలికి గుచ్చడు, లేకపోతే వాల్వ్ చిరుగుతుందట. గాలి ఒత్తిడి చూసే గేజ్ పెట్టి నాలుగున్నర పీఎస్ఐ దగ్గర ఆపేశాడు. ఇంకొంచెం కొట్టు తాతా అంటే, ఫుట్‌బాల్‌కయితే దీనికి రెండింతలు కొడతా, దీనికి అట్లా కొడితే మీ చేతులు వాస్తాయిరా అన్నాడు.

బాగాలేనివీ ఉన్నాయి. షూస్ ఇక్కడ తీసుకోవద్దు. సైజులు సరిగ్గా ఉండవు, ఆడపిల్లలకైతే దాదాపు ఏమీ ఉండవు. షటిల్‌కి రన్నింగ్ షూస్ వేసుకుంటే పక్కకి దూకేటప్పుడు చీలమండ మడతపడుతుంది, అడుగు పలచగా ఉన్న గమ్ సోల్ కావాలని చక్కగా వివరిస్తాడు గానీ ఆ గమ్ సోల్ షూ మాత్రం స్టాకులో ఉండదు. కబడ్డీ మోకాలి క్యాపుల ఎలాస్టిక్ తొందరగా లూజవుతుందని మా పక్కింటి అబ్బాయి కంప్లయింట్. బిల్లు అడిగితేనే ఇస్తాడు, ఫోన్ ఎత్తడు, సాయంత్రానికి రెడీ అంటే ఎల్లుండి అని అర్థం చేసుకోవాలి.

ఇంకోటి, గోడకి చిన్న టీవీ ఉంది. అందులో మ్యాచ్ వస్తుంటే, అది హాకీ అయినా ప్రో కబడ్డీ అయినా సింధు ఆడుతున్నా, గట్టింగ్ మెషీన్ ఆగిపోతుంది. అర్జెంటు అయితే మ్యాచ్‌లు లేని పొద్దుటిపూట పోయి, పని అయ్యేదాకా పక్కనే కూర్చోండి.